గుల్‌మార్గ్‌లో ఇప్పుడు మంచు ఎలా ఉంది? 20న వెళ్లాలా, ఆగాలా?

కూకట్‌పల్లి_కిరణ్ | 12 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా ఈ నెల 20 నుంచి 24 దాకా కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఉండేలా టికెట్లు తీసుకున్నాం. కిందటేడు మనాలి దగ్గర సోలాంగ్‌లో నాలుగు రోజులు స్కీయింగ్ నేర్చుకున్నాం. మలుపులు తిరగడం, ఆగడం వచ్చు. గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కార్) ఎక్కి పెద్ద కొండ మీద జారాలన్నది రెండేళ్ల కోరిక.

టూర్ మాట్లాడిన ఆయన "మంచు ఫుల్లుగా ఉంది సార్, ఏం భయం లేదు" అంటున్నాడు. మొన్న వెళ్లొచ్చిన మా ఆఫీసు అబ్బాయి వీడియోలో చూస్తే హోటల్ ముందు ఎండుగడ్డి, బురద. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. వెళ్లినవాళ్లు చెప్పండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | 12 ఫిబ్రవరి, రాత్రి 10:15

తమ్ముడూ, ఆ వీడియోనే నమ్ము. మేం 2024 జనవరి నడిమిట్ల పోయినం, సంక్రాంతి సెలవులల్ల. మాకూ గిట్లనే చెప్పిండ్రు. ఊళ్లె అంతా గోధుమరంగు గడ్డి. స్లెడ్జి బండ్లు గుంజేటోళ్లు చేతులు కట్టుకొని కూసున్నరు. గొండోలా ఎక్కి పైకి పోతే అక్కడక్కడ గట్టిగ మారిన పాత మంచు ఉంది, పిల్లలు దాని మీదనే రెండుసార్లు జారిండ్రు. చిన్నోడు దారి పొడుగునా "మంచు ఏది మమ్మీ" అని ఒక్కటే అడుగుడు.

మేం వరంగల్ తిరిగొచ్చిన పది పన్నెండు రోజులకు, జనవరి ఆఖర్ల, అక్కడ కుప్పలు కుప్పలు పడ్డది. ఫోటోలు చూసి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. పైసల కోసం కాదు, పిల్లల మొఖాలు యాదికొచ్చి.

వాన_లెక్కలు | 13 ఫిబ్రవరి, ఉదయం 6:50

కిరణ్ గారూ, నేను విజయవాడలో ఉంటాను. వాతావరణ పటాలు చూడటం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. మీ టూర్ ఆయన మాటా, వీడియో రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే గుల్‌మార్గ్ అంటే ఒక్క ఎత్తు కాదు. ఊరు, గోల్ఫ్ కోర్సు ఉన్నది సుమారు 2,650 మీటర్ల దగ్గర. గొండోలా మొదటి దశ దింపే కొంగ్‌డూరి 3,080 దగ్గర. రెండో దశ అఫర్వట్ కొండ భుజం మీద, దాదాపు 3,950 దగ్గర దింపుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు చలి పెరుగుతుంది. అంటే ఊళ్లో సున్నా ఉన్నప్పుడు పైన మైనస్ ఎనిమిది. ఒకే మబ్బు నుంచి కింద వాన పడ్డట్టు, పైన దూది రాలినట్టు ఉండే రోజులు ఫిబ్రవరి చివర్లో, మార్చిలో చాలా వస్తాయి.

ఇక ఈ ఏడాది సంగతి. కశ్మీర్‌కు చలికాలంలో మంచు తెచ్చేవి పశ్చిమ అలజడులు, అంటే పడమటి నుంచి వచ్చే మబ్బుల వ్యవస్థలు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చి పీర్ పంజాల్ శ్రేణిని ఢీకొంటాయి. మనకు నైరుతి ఎలాగో వాళ్లకు ఇవి అలాగ. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులను వాళ్లు చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో పడ్డ మంచే నిలుస్తుంది. ఈసారి ఆ నలభై రోజుల్లో వచ్చిన అలజడులు చాలావరకు బలహీనంగా పోయాయి, జనవరి ఎండలతో గడిచింది. ఇప్పుడు చిల్లై ఖుర్ద్ నడుస్తోంది, అది 20 రోజులు. ఊళ్లో గడ్డి కనబడటానికి కారణం ఇదే.

20కి వెళ్లమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

పాత_హవల్దార్ | 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:20

నేను సిక్కోలు జిల్లా వాడిని. సైన్యంలో ఉండగా గుల్‌మార్గ్‌లో రెండు శీతాకాలాలు గడిపాను, అక్కడి పర్వత యుద్ధ పాఠశాలలో.

బాబూ, "మంచు ఉందా" అని అడిగితే ఎవడైనా ఉందనే చెబుతాడు. మన మాటలోనే చిక్కుంది. తెల్లారి గడ్డి మీద బొట్టూ మంచే. లంబసింగిలో దారి మూసేసేదీ మంచే. అఫర్వట్ మీద మనిషిని నడుం దాకా దింపేదీ మంచే. కాబట్టి "ఏ మంచు" అని అడగాలి.

మా ఉస్తాద్ పొద్దున్నే చేతి తొడుగు తీయించి గుప్పెడు తీసి పిసకమనేవాడు. వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోతే కొత్త పొడి మంచు, ఆ రోజు స్కీ దానంతటదే తేలుతుంది. ముద్ద కడితే తడి మంచు, మలుపు తిరగాలంటే తొడలు నొప్పెడతాయి. పిసికితే నీళ్లు కారిందా, ఆ పూటకి స్కీలు భుజాన వేసుకుని దిగిపోవడమే. నాలుగోది ఇంకొకటుంది. పంచదారలా గరగరమంటుంది, ముద్ద కట్టదు. చూడటానికి పొడి మంచులాగే అనిపిస్తుంది కానీ కాదు. అది పాతబడి, అడుగున పలుకుల్లా మారిన మంచు. దాని సంగతి తర్వాత చెబుతాను, అది ప్రాణాలకు సంబంధించింది.

ఎండపక్క వాలులో మరో తంతు. మధ్యాహ్నం పైపొర కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. పొద్దున్నకి పైన అప్పడం, కింద పిండి. స్కీ పెడితే అప్పడం పటుక్కున విరిగి కాలు లోపలికి పోతుంది. స్కీ ఆ పెంకు కింద ఇరుక్కుంటుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. మోకాళ్లు పాడయ్యేది అక్కడే. నాలుగు రోజులు నేర్చుకున్నవాళ్లకు ఆ మంచు అస్సలు వద్దు.

సాల్ట్‌లేక్_సీను | 13 ఫిబ్రవరి, రాత్రి 11:05

హవల్దార్ గారికి నమస్కారం, మీరు చెప్పిన గుప్పెడు పరీక్ష ఇక్కడ అమెరికా యూటాలో మా ఇన్‌స్ట్రక్టర్ కూడా చేయించాడు. నేను పదకొండేళ్లుగా సాల్ట్‌లేక్ సిటీలో ఉంటున్నాను, శీతాకాలం ప్రతి శనివారం కొండ మీదే.

ఇక్కడివాళ్లు లెక్క ఇంకోలా చెబుతారు. పడ్డ మంచును కరిగిస్తే ఎంత నీరు వస్తుంది అన్నది లెక్క. పది సెంటీమీటర్ల మంచుకు ఒక సెంటీమీటరు నీరు అన్నది మామూలు కొలత. మా దగ్గరి ఆల్టాలో సగటున ఎనిమిది శాతం పైచిలుకే నీరు. కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో పన్నెండు దాకా ఉంటుంది, అందుకే దాన్ని సిమెంట్ అని పిలుస్తారు. 2022-23లో ఆల్టాలో 903 అంగుళాలు పడింది, అంటే దాదాపు 23 మీటర్లు. ఆ ఏడాది మా కారు ఎక్కడ పెట్టామో కర్రతో పొడిచి వెతుక్కున్నాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మంచి మంచు కోసమే అయితే డబ్బు కూడబెట్టుకుని ఇటు రండి, లేదా జపాన్ హొక్కైడో వెళ్లండి. గుల్‌మార్గ్ నమ్మకం లేని కొండ.

పాత_హవల్దార్ | 14 ఫిబ్రవరి, ఉదయం 7:30

సీను బాబూ, మీ ఆల్టా గొప్పదే, కాదనను. కానీ నమ్మకం లేని కొండ అన్నమాట నేను ఒప్పుకోను. తుపాను వెళ్లిన మర్నాడు, ఆకాశం నీలంగా విచ్చుకున్నాక, అఫర్వట్ పైనుంచి ఊరి దాకా పదమూడు వందల మీటర్ల దిగుడు. మధ్యలో పైన్, ఫర్ చెట్ల అడవి. ఆ నాణ్యత మంచు మీద జారిన విదేశీయులు మళ్లీ మళ్లీ రావడం నేను కళ్లారా చూశాను. కొండలో లోపం లేదు. మనం క్యాలెండర్ చూసి వెళ్తాం, అది మబ్బు చూసి ఇస్తుంది.

ఒక విషయంలో మాత్రం మీ కొండదే పైచేయి. గుల్‌మార్గ్ 34 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మీది 40 దాటి. ఎండ మా దగ్గర తీవ్రంగా తగులుతుంది. ఉత్తరం వైపు నీడ వాలులో వారం నిలిచే పొడి మంచు, దక్షిణం వాలులో ఒక్క మధ్యాహ్నానికి చెడిపోతుంది.

వాన_లెక్కలు | 14 ఫిబ్రవరి, ఉదయం 8:10

సీను గారూ, నీటి శాతం ఒక్కటే చూడటం కూడా సరికాదు. బాగా తేలికైన మంచు పలచగా పడితే స్కీ అడుగు రాయికి తగులుతుంది. జారడానికి హాయిగా ఉండేది ఎలాంటిదంటే, తుపాను మొదట్లో కొంచెం బరువైన మంచు పడి, చివర్లో చలి పెరిగి తేలికైనది పడాలి. బరువు కింద, తేలిక పైన. వడ్ల బస్తా మీద దూది పరుపు వేసినట్టు. స్కీ దూదిలో మునిగి బస్తా మీద ఆగుతుంది. తలకిందులుగా పడితే, అంటే తేలిక మీద బరువు పడితే, జారడమూ కష్టం, ప్రమాదమూ ఎక్కువ.

పశ్చిమ అలజడి సాధారణంగా వెచ్చటి తేమగాలితో మొదలై, వెనక వాయవ్యం నుంచి చల్లగాలితో ముగుస్తుంది. అందుకని గుల్‌మార్గ్‌లో మంచి వరస కుదిరే అవకాశం ఎక్కువే. మబ్బులో చలి మైనస్ 12, 18 మధ్య ఉన్నప్పుడు ఆరు రేకుల నక్షత్రాల్లాంటి పలుకులు తయారవుతాయి. వాటి రేకుల మధ్య గాలి నిండి ఉంటుంది కాబట్టి పొర గుల్లగా, తేలికగా ఉంటుంది. జాకెట్ చేతి మీద రాలినప్పుడు చూడండి, రేకులు విడివిడిగా కనిపిస్తే మీ అదృష్టం.

మెట్ట_రైతు | 15 ఫిబ్రవరి, సాయంత్రం 6:45

నాకు స్కీయింగ్ తెలీదు, మాది అనంతపురం పక్కన. ఈ చర్చ చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది. ఆ మంచు పడకపోతే అక్కడి రైతుల గతేంటి?

పాత_హవల్దార్ | 15 ఫిబ్రవరి, రాత్రి 8:20

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. మీకు చెరువు ఎలాగో వాళ్లకు కొండ మీద మంచు అలాగ. చిల్లై కలాన్‌లో పడి గట్టిపడ్డది ఏప్రిల్, మే దాకా కొంచెం కొంచెంగా కరిగి వాగుల్లోకి, జీలం నదిలోకి దిగుతుంది. వరి మళ్లకూ, ఆపిల్ తోటలకూ ఆ నీరే. మార్చిలో ఆలస్యంగా పడ్డది తడిగా ఉంటుంది, తొందరగా కరిగిపోతుంది. మొత్తం ఒకటే అయినా నిల్వ ఉండదు. మంచు పడని ఏడాది మా బ్యారక్ పక్క ఊరి ముసలాయన ఫిరన్‌లో (పొడవాటి వదులు అంగీలో) కాంగ్రీ (నిప్పుల కుంపటి) పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాడు. మన ఊళ్లో జూన్ నెలలో నాయన కూర్చున్నట్టే అనిపించేది. మంచును వాళ్లు శీన్ అంటారు. మొదటి శీన్ పడ్డ రోజు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు.

మెట్ట_రైతు | 15 ఫిబ్రవరి, రాత్రి 8:50

అర్థమైందన్నా. ఈసారి వాళ్లకు పడాలని నేనూ కోరుకుంటా.

కూకట్‌పల్లి_కిరణ్ | 19 ఫిబ్రవరి, రాత్రి 10:30

వార్త చూశారా? 22 నుంచి 25 దాకా గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు వాయిదా వేశారు. చాలినంత మంచు లేదని. దేశంలోని క్రీడాకారులకే చాలని మంచు మాకు ఏం చాలుతుంది? విమానం టికెట్ మార్చుకున్నాం, తేడా పద్నాలుగు వేలు పడింది. హోటల్ వాళ్లు మాత్రం పైసా అడగకుండా తేదీ మార్చారు. మార్చి 2 నుంచి 7 అనుకుంటున్నాం. లెక్కల అక్కా, ఏమంటారు?

వాన_లెక్కలు | 23 ఫిబ్రవరి, ఉదయం 6:15

ఇప్పుడు ధైర్యంగా చెబుతాను. పటాల్లో ఒక బలమైన అలజడి కనిపిస్తోంది, 25 నుంచి 28 దాకా. శ్రీనగర్ వాతావరణ కేంద్రం కూడా అదే చెబుతోంది. తేమ బాగా ఉంది. మీ తేదీలకు మంచు ఉంటుంది.

అయితే ఇప్పుడు నాకు వేరే దిగులు పట్టుకుంది. జనవరి అంతా పైన పలచటి మంచు చలికి, ఎండకు వదిలేసి ఉంది. దాని మీద ఒక్కసారిగా ఇంత పడుతోంది. హవల్దార్ గారు పంచదార మంచు అన్నారే, దాని గురించి వాళ్లకు ఇప్పుడే చెప్పండి.

పాత_హవల్దార్ | 23 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:00

చెబుతాను, ఓపిగ్గా చదవండి.

నేల వెచ్చగా, సున్నా దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ పదిహేను. మధ్యలో మంచు రెండు మీటర్లుంటే ఆ తేడా మెల్లగా సర్దుకుంటుంది. ముప్ఫై సెంటీమీటర్లే ఉంటే అడుగునుంచి ఆవిరి పైకి లాగేసుకుని, పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా విడివిడి పంచదార అయిపోతాయి. మంచు తక్కువ పడ్డ ఏడాదే ఇది ఎక్కువ. దాని మీద కొత్తగా ఒక మీటరు పడితే గోళీల మీద పలక పెట్టినట్టు. మనిషి బరువు పడితే చాలు, పలక మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులు ఎక్కువగా జారతాయి. జారడానికి మనకు ఇష్టమైన వాలులు కూడా అవే.

గాలి సంగతీ చూడాలి. శిఖరం ఈ పక్క మంచును ఊడ్చి ఆ పక్క పోస్తుంది. పోసిన చోట మెత్తగా, నున్నగా, పరుపులా కనిపిస్తుంది. అడుగు వేస్తే డొల్ల చప్పుడు వస్తుంది. 'వుమ్' అని మంచు లోపలినుంచి శబ్దం వినబడితే అడుగు ముందుకు వేయకండి.

2010 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న మా పాఠశాల సైనికుల మీద కొండచరియలా మంచు విరుచుకుపడింది. పదిహేను మందికి పైగా పోయారు. మంచు గురించి అందరికంటే బాగా తెలిసిన మనుషులు వాళ్లు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ మీద ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ పోయారు. 2024లో కూడా నెలన్నర ఎండ కాచి, తర్వాత ఒక్కసారిగా పడింది. ఈ ఏడాదీ అదే పోకడ, గమనించండి.

కాబట్టి గొండోలా దగ్గర స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే కొండ మీద కాపలా తిరిగేవాళ్లు, గుర్తులు పెట్టిన పరిధి దాటకండి. లోపలే ఉన్నా బీకన్ (మంచులో పూడినవాళ్లను వెతకడానికి ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ముగ్గురి దగ్గరా ఉండాలి, అంటే మీరిద్దరూ, మీ గైడూ. మంచు కింద కూరుకుపోయిన మనిషికి పది, పదిహేను నిమిషాలే గడువు. ఊళ్లోంచి సాయం వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి.

సాల్ట్‌లేక్_సీను | 23 ఫిబ్రవరి, రాత్రి 10:40

ఇది చదివి కాసేపు మాట రాలేదు. ఇక్కడ ప్రతి పొద్దున మంచు చరియలు విరిగిపడే ప్రమాద స్థాయి రంగులతో ఇస్తారు, మేం చూడకుండా కదలం. కిరణ్, గుల్‌మార్గ్‌లో కూడా స్కీ పెట్రోల్ ఆఫీసు దగ్గర అడిగి, ఆ రోజు స్థాయి తెలుసుకున్నాకే పైకి ఎక్కు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను హవల్దార్ గారూ, కొండకు నమ్మకం లేదనడం తప్పు.

ఇద్దరు_పిల్లల_అమ్మ | 24 ఫిబ్రవరి, ఉదయం 9:00

తంగ్‌మార్గ్ కాడ నుంచి గుల్‌మార్గ్‌కు పదమూడు కిలోమీటర్లు. మంచు పడ్డప్పుడు టైర్లకు గొలుసులు లేని బండిని పైకి పోనియ్యరు. ఆ గొలుసుల బండికి వేరే పైసలు అడుగుతరు, ముందే మాట్లాడుకోండ్రి. గొండోలా టికెట్ ఆన్‌లైన్ల ముందే తీసుకోండ్రి.

కూకట్‌పల్లి_కిరణ్ | 10 మార్చి, రాత్రి 9:15

వచ్చేశాం. ఇద్దరం క్షేమం. వాయిదా పడ్డ ఆటలు నిన్ననే అక్కడ మొదలయ్యాయి.

మేం దిగిన రోజు ఊళ్లో గడ్డి జాడే లేదు. హోటల్ మెట్లు తవ్వి దారి చేశారు. మా ఆవిడ మంచులో కాలు పెట్టి తొడ దాకా దిగిపోయి, అలాగే నిలబడి పెద్దగా నవ్వింది. మొదటి రోజు రెండో దశ తెరవలేదు. పైనుంచి ఢాం ఢాం అని చప్పుళ్లు వినిపిస్తే విరిగిపడేలా ఉన్న మంచు చరియలను ముందే పేల్చి దింపుతున్నారని గైడ్ చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది విసుక్కున్నారు. మాకు మాత్రం హవల్దార్ గారి పోస్టు గుర్తొచ్చింది, మేం కొంగ్‌డూరి వాలులోనే జారుకున్నాం.

మూడో రోజు పైకి వెళ్లాం. హవల్దార్ గారూ, పొద్దున తొమ్మిదిన్నరకు తొడుగు తీసి గుప్పెడు తీశాను. పిండిలా జారిపోయింది. చేతులు చలికి తిమ్మిరెక్కాయి, అయినా రెండోసారి తీసి చూశాను. నీడ పక్క నుంచి దిగాం. స్కీల చప్పుడే లేదు. మొహం మీద మంచు లేస్తుంటే ఊపిరి పీల్చుకోవడానికి తల పైకెత్తాల్సి వచ్చింది. నాలుగుసార్లు పడ్డాను, ఒక్కసారీ దెబ్బ తగల్లేదు. అదే రోజు రెండు గంటలకు ఊరి దగ్గర వాలులో అదే గుప్పెడు తీస్తే గట్టి ముద్ద. పైన పొడి, కింద తడి, ఒకే రోజు. లెక్కల అక్క చెప్పిన ఎనిమిది డిగ్రీల తేడా చేత్తో తెలిసింది.

ఒక ఇబ్బంది చెప్పాలి. స్కీలు అద్దెకు తీసుకున్న దుకాణంలో మొదట ఇచ్చిన బీకన్‌లో బ్యాటరీ అయిపోయి ఉంది. అడిగితేనే మార్చారు. ఆన్ చేసి, మా ఇద్దరి మధ్య ఒకదాన్నొకటి వెతికించి చూశాకే తీసుకున్నాం. వెళ్లేవాళ్లు తప్పక పరీక్షించండి.

పాత_హవల్దార్ | 10 మార్చి, రాత్రి 9:40

చాలా సంతోషం బాబూ. బీకన్ పరీక్షించావు చూడు, ఆ మాటకి నాకు కడుపు నిండింది. ఏ పక్క వాలు దిగారు, చెట్ల మధ్య నుంచా?

కూకట్‌పల్లి_కిరణ్ | 10 మార్చి, రాత్రి 9:55

చివరి భాగం చెట్ల మధ్య నుంచే అన్నా. కొమ్మల మీది మంచు టప్ టప్ మని రాలుతూ ఉంది. గైడ్ మమ్మల్ని కాసేపు ఆపి, ఏం మాట్లాడకుండా వినమన్నాడు.

ఇద్దరు_పిల్లల_అమ్మ | 11 మార్చి, ఉదయం 7:20

చదువుతుంటే మళ్లీ పోవాలనిపిస్తుంది. పిల్లలకు డిసెంబర్ ఆఖర్ల సెలవులు. అప్పుడు పోతే ఎట్లుంటది అక్కా?

వాన_లెక్కలు | 11 మార్చి, ఉదయం 8:05

డిసెంబర్ ఆఖరుకు ఒక పొర పడే అవకాశం ఉంటుంది కానీ అడుగు గట్టిపడి ఉండదు, రాళ్లు తగులుతాయి. పిల్లలు ఆడుకోవడానికి చాలు, జారడానికి చాలదు. స్కూల్లో అడిగి ఫిబ్రవరి రెండో వారంలో అయిదు రోజులు సెలవు తీసుకోగలిగితే మేలు. విమానం మాత్రం తేదీ మార్చుకునే రకం టికెట్టే తీసుకోండి. జనవరి ఆఖర్లో నాకు ఇక్కడ ఒక మాట రాయండి, పటాలు చూసి చెబుతాను.